ఏడో రోజు క్యూబులు సగం బలం కూడా చూపించలేదు, సిమెంటులో బూడిద కలిస్తే ఇంతేనా?

క్యూబ్‌కష్టాలు
మా సైట్లో సిమెంటు మార్చారు. ఇంతకు ముందు వాడింది మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, ఇప్పుడొచ్చేది 35 శాతం ఫ్లై యాష్, అంటే బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద, కలిసింది. మిగతా మిక్స్ అంతా అదే, సిమెంటుకి నీళ్ల నిష్పత్తి కూడా అదే 0.45. పాతదానికి ఏడో రోజు క్యూబు, అంటే బలం పరీక్షకి పోసిన కాంక్రీటు దిమ్మ, 22, 23 మెగాపాస్కల్ దగ్గర పగిలేది. కొత్తది మూడో రోజు 9, ఏడో రోజు 14.5. 28 రోజులకు 30 రావాలి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. కాంట్రాక్టరు కల్తీ అంటాడు, సిమెంటు పంపినవాళ్లు ఓపిక పట్టమంటారు, మా పై ఆఫీసరు "కార్బన్ తగ్గించాలి, వాడక తప్పదు" అని ఒక మెయిల్ పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఈ బూడిద లోపల ఏమైనా పని చేస్తుందా, ఊరికే బరువు కోసమేనా? తర్వాతైనా అందుకుంటుందా? ఇంకో అనుమానం, నవ్వకండి. సిమెంటులో ముఖ్యమైన పదార్థం సీ3ఎస్ అని పుస్తకంలో ఉంది. అంటే కార్బన్ మూడు, సల్ఫర్ ఒకటా? కార్బన్ తగ్గించడమంటే దీన్ని తగ్గించడమా?

నీళ్లెక్కువరా
బూడిదలో పోసిన పన్నీరు గురించి విన్నాను గానీ బూడిదలో పోసిన సిమెంటు గురించి వినడం ఇదే మొదలు.

ఇటుకమీదఇటుక
నవ్వులాట కాదు. పాతికేళ్లుగా కాంక్రీటు పనులు చేయిస్తున్నా. మంచి సిమెంటయితే పోసిన రాత్రి స్లాబు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. ఈ కలిపిన రకాలు చల్లగా పడుంటాయి. పారబొయ్యాల్సిన బూడిదను బస్తాలో పెట్టి అమ్ముకోడానికి పర్యావరణం అని ఒక పేరు దొరికింది, అంతే. మొన్న సెంట్రింగ్ విప్పాలా వద్దా అని తేలక నాలుగు రోజులు అదనంగా ఉంచేశాను. ఆ నష్టం ఎవరిస్తారు?

పాతబట్టీ
ముందు సీ3ఎస్ సంగతి. నవ్వడం లేదు తమ్ముడూ, నేనూ ఉద్యోగంలో చేరిన మొదటి వారం అదే అనుకున్నా. సిమెంటువాళ్లకి సొంత లిపి ఉంది. సీ అంటే కార్బన్ కాదు, కాల్షియం ఆక్సైడ్, అంటే సున్నం. ఎస్ అంటే సల్ఫర్ కాదు, సిలికా. ఏ అంటే అల్యూమినా, ఎఫ్ అంటే ఇనుప ఆక్సైడ్, హెచ్ అంటే నీళ్లు. కాబట్టి సీ3ఎస్ అంటే మూడు పాళ్లు సున్నం, ఒక పాలు సిలికా. దాని ముద్దుపేరు అలైట్. సీ2ఎస్ బిలైట్. 1897లో టార్నెబోమ్ అనే ఆయన మైక్రోస్కోపులో క్లింకర్, అంటే బట్టీలోంచి వచ్చే సిమెంటు గోళీలు, చూస్తే నాలుగు రకాల స్ఫటికాలు కనబడ్డాయి, వాటిలో ఏముందో ఆయనకి తెలియదు, అందుకే ఏ, బీ, సీ, ఎఫ్ అని అక్షరాలతో అలైట్, బిలైట్, సెలైట్, ఫెలైట్ అని పిలిచాడు. మొదటి రెండు పేర్లూ ఇప్పటికీ వాడుతున్నాం.

ఇక కార్బన్ అసలు ఎక్కడిదంటే. బట్టీలోకి వెళ్లేది సున్నపురాయి, కాస్త బంకమట్టి. 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి విడిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయి వేస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పొగగొట్టంలోంచి పోతుంది. ఇది పొయ్యి కింద మంట పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. ఆ తర్వాత 1300 దాటాక అల్యూమినా, ఇనుము ఉన్న భాగం కరిగి ద్రవమవుతుంది, ఆ ద్రవంలో బిలైట్ ఇంకో పాలు సున్నం పట్టుకుని 1450 దగ్గర అలైట్ అవుతుంది. బయటికి గోళీల్లా వస్తాయి, వాటినే క్లింకర్ అంటాం. గబగబా చల్లార్చాలి, ఎందుకంటే 1250 కంటే కింద అలైట్ మళ్లీ విడిపోవాలని చూస్తుంది. మా రోజుల్లో కూలర్ ఆగిపోయిన రోజు క్లింకర్ ముఖం చూస్తేనే తెలిసిపోయేది.

టన్ను క్లింకర్‌కి రాయిలోంచే సుమారు 520 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఇంధనంలోంచి ఇంకో 300 అటూఇటూ. ప్రపంచం ఏడాదికి 400 కోట్ల టన్నుల సిమెంటు వాడుతోంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం ఇదే.

గట్టిపిండం
మరి బట్టీని కరెంటుతో, సోలార్‌తో వేడి చేస్తే సరిపోదా? బూడిద గొడవే ఉండదు.

పాతబట్టీ
ఇంధనం వాటా పోతుంది, రాయి వాటా పోదు. 60 శాతం పైగా రాయిదే. సూర్యుణ్ని తెచ్చి బట్టీలో పెట్టినా ఆ 44 కిలోలు వస్తాయి. దాన్ని పట్టి భూమిలో పాతెయ్యాలి, నార్వేలో బ్రేవిక్ ఫ్యాక్టరీ దగ్గర 2025లో అదే మొదలుపెట్టారు, ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ఏర్పాటు. అది ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగమే. లేదంటే క్లింకరే తక్కువ వాడాలి. అందుకే నీ బస్తాలో బూడిద.

ఇటుకమీదఇటుక
సరే, పొగ సంగతి ఒప్పుకున్నా. నా ప్రశ్నకి జవాబు మాత్రం రాలేదు. బూడిద కాంక్రీటులో ఏం చేస్తుంది? ఇసుక చేసే పనే కదా?

సూక్ష్మదర్శిని22
ఇసుక చేసే పని మాత్రం కాదు. అయితే ఏడో రోజు వరకు మీరన్నదానికి చాలా దగ్గరగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

నేను ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గట్టిపడ్డ సిమెంటు ముక్కలు చూస్తుంటాను, అదే ఉద్యోగం. మామూలు సిమెంటు నుంచి మొదలుపెడతాను. ముందుగా ఒక్క మాట, సిమెంటు ఎండి గట్టిపడదు. నీళ్లతో కలిసి కొత్త పదార్థాలు పుట్టి గట్టిపడుతుంది, నీళ్లలో ముంచినా గట్టిపడుతుంది. అలైట్ నీళ్లలో కరుగుతుంది, రెండు పదార్థాలు పుడతాయి. మొదటిది సీ-ఎస్-హెచ్ అనే జిగురు, బలమంతా దానిదే. పేరు మధ్యలో ఆ గీతలు ఎందుకంటే దానికి స్థిరమైన ఫార్ములా లేదు, సున్నం సిలికా నిష్పత్తి మామూలుగా 1.7 దగ్గర ఉన్నా మారుతూ ఉంటుంది, సరైన స్ఫటికం కూడా కాదు, నలిగిపోయిన పొరల్లా ఉంటుంది. రెండోది పోర్ట్‌లాండైట్, అంటే మన తడి సున్నం. పలకల్లాంటి స్ఫటికాలు. ఇది బలానికి పెద్దగా పనికిరాదు, కంకర చుట్టూ ఉండే బలహీనమైన పొరలో మరీ ఎక్కువగా పేరుకుంటుంది. మొత్తం ముద్దలో ఘనపరిమాణం చూస్తే సగానికి పైగా జిగురు, ఐదో వంతు వరకు ఈ సున్నం.

అలైట్‌లో సున్నం ఎక్కువ, జిగురుకి అంత అవసరం లేదు, మిగిలిందంతా పోర్ట్‌లాండైట్‌గా పక్కన పడుతుంది. అంత మంట పెట్టి అంత పొగ వదిలి చేసిన సున్నంలో కొంత ఇలా ఊరికే పడి ఉంటుందన్నమాట. బూడిద చేసే పని ఆ పడి ఉన్న సున్నాన్ని తినడం. బూడిద అంటే ఎక్కువగా గాజు, సిలికా అల్యూమినా గాజు గోళీలు. అవి కరిగి ఆ సున్నంతో కలిసి ఇంకాస్త జిగురు చేస్తాయి. దీన్నే పొజొలానిక్ చర్య అంటారు, ఇటలీలో పొజ్జువోలి ఊరి దగ్గర దొరికే అగ్నిపర్వత బూడిద నుంచి వచ్చిన పేరు.

మరి ఏడో రోజు ఎందుకు కనబడదు? ముందు సున్నం పుట్టాలి. తర్వాత రంధ్రాల్లో ఉన్న నీటి క్షారత పెరగాలి, పీహెచ్ 13 దాటాకే ఆ గాజు చురుగ్గా కరుగుతుంది. ఏడో రోజు ముక్క కోసి చూస్తే బూడిద గోళీలు ఇప్పుడే కడిగి పెట్టినట్టు నున్నగా ఉంటాయి. 90 రోజుల ముక్కలో అంచులు కొరికేసినట్టు, చుట్టూ ఒక వలయంతో కనబడతాయి. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టింది, పెళ్లి మాత్రం ఇంకా కాలేదు, థీసిస్ అవ్వాలి.

క్యూబ్‌కష్టాలు
అంటే నా 14.5 అంతా 65 శాతం సిమెంటు ఒక్కటే మోసిన బరువు?

సూక్ష్మదర్శిని22
దాదాపు. కొంచెం లాభం ఉంటుంది, బూడిద రేణువుల పక్కన అలైట్‌కి ఎక్కువ చోటు, ఎక్కువ నీళ్లు దొరికి అది కాస్త వేగంగా కలుస్తుంది. కానీ 22లో 65 శాతం అంటే లెక్క వేసుకోండి, 14.3. మీ అంకె వింతదేం కాదు. కల్తీ అనడానికి ఇది చాలదు.

ఇటుకమీదఇటుక
చెయ్యి వెచ్చగా తగలడం సంగతి?

పాతబట్టీ
అది నిజమే, నీ చెయ్యి అబద్ధం చెప్పట్లేదు. అలైట్, సీ3ఏ నీళ్లతో కలిసినప్పుడు వేడి వదులుతాయి. క్లింకర్ మూడోవంతు తగ్గితే వేడీ తగ్గుతుంది. నువ్వు దాన్ని బలం అనుకుంటున్నావు. మందపాటి పునాది పోసి చూడు, అదే వేడి లోపల ఇరుక్కుంటుంది, బయట చల్లబడి లోపల కాలుతుంటే బీటలు పడతాయి. లోపల 70 డిగ్రీలు దాటితే ఇంకో తంటా, ఎట్రింగైట్ అనే సల్ఫేటు సూదులు అప్పుడు సరిగ్గా పుట్టకుండా ఆగి, ఏళ్ల తర్వాత గట్టిపడ్డ కాంక్రీటులో పుట్టి దాన్ని లోపల్నుంచి పొంగిస్తాయి. అలాంటిచోట చల్లటి సిమెంటే దేవుడు.

గట్టిపిండం
ఎట్రింగైట్ అంటే జిప్సం వల్ల వచ్చేదేనా? ఒకసారి మాకు మిక్సర్లోనే కాంక్రీటు ఐదు నిమిషాల్లో బిగుసుకుపోయింది. అందరూ జిప్సం తక్కువైంది అన్నారు.

పాతబట్టీ
మళ్లీ తిప్పితే వదులైందా?

గట్టిపిండం
అయింది. అందుకే భయపడి మొత్తం పారబోశాం.

పాతబట్టీ
అయ్యో, అనవసరంగా పారబోశారు. అది దొంగ బిగువు. గ్రైండింగ్ మిల్లు వేడెక్కితే జిప్సంలో నీళ్లు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది, నీళ్లు తగలగానే అదే ముందు గట్టిపడుతుంది. నీళ్లు పోయకుండా ఇంకాసేపు తిప్పితే విరిగిపోయి మామూలవుతుంది. అసలు జిప్సం తక్కువైతే సీ3ఏ ఒక్కసారిగా బిగుస్తుంది, ఎంత తిప్పినా వదలదు, వేడి కూడా కొడుతుంది. మంచి సిమెంటులో జిప్సం సీ3ఏని ఎట్రింగైట్‌గా మార్చి నిదానిస్తుంది, అలైట్ దాని పని అది చేసుకుంటుంది.

సూక్ష్మదర్శిని22
అలైట్ కూడా మొదటి ఒకట్రెండు గంటలు కలవకుండా నెమ్మదిస్తుంది, అందుకే కాంక్రీటు పోసే టైం దొరుకుతుంది. ఎందుకు నెమ్మదిస్తుందో ఇప్పటికీ రెండు పార్టీలు. రేణువు మీద పొర కప్పుకుంటుందని ఒకరు, ద్రావణంలో కాల్షియం నిండి కరగడమే తగ్గుతుందని ఇంకొకరు. నేను రెండో పార్టీ. కాన్ఫరెన్సుల్లో టీ విరామంలో కూడా పోట్లాడుకుంటారు.

క్షారప్రియ
అసలు ఈ గొడవంతా క్లింకర్ ఉంచుకున్నందుకే. పూర్తిగా తీసేయొచ్చు కదా. బూడిదలో సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సిలికేట్ పోస్తే జియోపాలిమర్ అవుతుంది, సున్నమే అక్కర్లేదు. 1970లలో డేవిడోవిట్స్ ఆ పేరు పెట్టాడు, అంతకు ముందే 1950లలో కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ చిట్టెంతో, అంటే ఇనుము ఫర్నేసులోంచి వచ్చే స్లాగ్‌తో, చేశాడు. ఆస్ట్రేలియాలో తూవూంబా ఎయిర్‌పోర్టు రన్‌వే పక్కన విమానాలు నిలిచే చోట్లు దీంతోనే పోశారు, 2014లో. ఆమ్లాలకీ మంటకీ బాగా తట్టుకుంటుంది. ఇంకా సగం సగం పద్ధతులెందుకు?

పాతబట్టీ
సోడియం సిలికేట్ ఆకాశం నుంచి పడదు బాబూ. ఇసుకనీ సోడా యాష్‌నీ వెయ్యి డిగ్రీల పైన కరిగించి చేస్తారు. దాని పొగ లెక్కలో వేశావా?

క్షారప్రియ
వేశాను. అయినా మామూలు సిమెంటు కంటే తక్కువే వస్తుంది, ఎంత తక్కువ అన్నది మిక్స్‌ని బట్టి. మీ లెక్క సగం నిజం.

ఇటుకమీదఇటుక
నేను ఒకసారి చూశాను ఆ రకం పని. క్షారం చేతి మీద పడి ఒక కుర్రాడికి తోలు ఊడింది. చేతిగ్లౌజులిచ్చారు, చెమట పడుతోందని తీసేశాడు. సైట్లో కూలీలు మీ ల్యాబ్ కుర్రాళ్లు కాదు. రెండో సంగతి, వేసవి మధ్యాహ్నం మిక్సర్లోనే బిగిసింది, డ్రమ్ములోంచి గునపంతో తవ్వుకున్నాం.

క్షారప్రియ
ఆ రెండూ ఒప్పుకుంటాను. నా ప్యాంటుకి కూడా రెండు చిల్లులున్నాయి. చిట్టెం పాలు ఎక్కువైతే త్వరగా బిగుస్తుంది, తగ్గిస్తే 60, 70 డిగ్రీల వేడిలో పెట్టాలి. అందుకే ఇప్పటికి ఫ్యాక్టరీలో అచ్చులు పోసే పనులకే బాగుంటుంది అంటాను. సైట్లో బకెట్టుతో కొలిచేవాళ్ల చేతికి ఇవ్వను.

చిట్టెంరాజు
చిట్టెం అన్నారు కాబట్టి వచ్చా. బూడిదనీ చిట్టెంనీ ఒకే గాటన కట్టకండి. బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెంలో సొంత సున్నం ఉంది, దానికి కాస్త క్షారం తగిలితే తనంతట తనే గట్టిపడుతుంది, అందుకే 70 శాతం వరకు కలిపిన సిమెంట్లు ఉన్నాయి. ఒకే షరతు, ఫర్నేసులోంచి వచ్చినప్పుడు నీళ్లు కొట్టి చటుక్కున చల్లార్చాలి, గాజవ్వాలి. నిదానంగా చల్లారితే స్ఫటికాలై రాయిలా పడుంటుంది, రోడ్డు కింద వేసుకోడానికే.

ఒక కథ చెప్పాలి. మొదటిసారి చిట్టెం సిమెంటుతో గోడ పోశాం, షట్టరింగ్ విప్పితే గోడంతా ముదురు నీలి ఆకుపచ్చ. పని చేయించుకునే పెద్దమనిషి పాచి పట్టిందని గోల, పడగొట్టమన్నాడు. నాకూ చెమటలు పట్టాయి. అది చిట్టెంలో ఉండే సల్ఫైడ్ల రంగు, గాలి తగిలి కొద్ది రోజుల్లో తెల్లబడుతుంది. రెండు వారాలకి గోడ తెల్లగా అయ్యాక ఆయన వచ్చి "కడిగించావా?" అన్నాడు. కడిగించా అన్నాను.

నీళ్లెక్కువరా
కడిగిన బిల్లు కూడా పెట్టావా?

చిట్టెంరాజు
ఆ విషయం ఈ చర్చకి సంబంధం లేదు.

గట్టిపిండం
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ బొగ్గు కరెంటు తగ్గిపోతే బూడిద ఎక్కడిది? ఇనుము తుక్కు కరిగించి చేస్తే చిట్టెం ఎక్కడిది?

సూక్ష్మదర్శిని22
అసలైన ప్రశ్న ఇదే. రెండూ వేరే పరిశ్రమల మిగులు, ఆ పరిశ్రమలు మారుతున్నాయి. పైగా మంచి చిట్టెం ఇప్పటికే ఎక్కడికక్కడ వాడేస్తున్నారు, నువ్వు ఎక్కువ వాడితే ఇంకొకరికి తగ్గుతుంది, భూమికి ఒరిగేది పెద్దగా లేదు.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు ఒకటుంది. భూమి పైపొరలో 98 శాతం ఎనిమిది మూలకాలే: ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం, ఇనుము, కాల్షియం, సోడియం, పొటాషియం, మెగ్నీషియం. 400 కోట్ల టన్నుల సరుకు చెయ్యాలంటే వీటితోనే చెయ్యాలి, వేరే దారి లేదు. సోడియం, పొటాషియం నీళ్లలో మరీ సులువుగా కరిగిపోతాయి. ఇనుము, మెగ్నీషియం క్షారంలో కదలనే కదలవు. మిగిలింది కాల్షియం, సిలికాన్, అల్యూమినియం. కాబట్టి కొత్త సిమెంటు అని ఎవరు ఏది తెచ్చినా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. మరి సున్నం తక్కువగా, అల్యూమినా ఎక్కువగా, ఎక్కడ పడితే అక్కడ దొరికేది ఏంటి? బంకమట్టి.

కేయొలినైట్ అనే ఖనిజం ఉన్న బంకమట్టిని 700, 800 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోంచి పోయేది నీళ్లే. కార్బన్ డయాక్సైడ్ కాదు, నీటి ఆవిరి. మిగిలేది మెటాకేయొలిన్, బూడిద కంటే చాలా చురుకు, వారంలోపే సున్నాన్ని తినేస్తుంది. అల్యూమినా ఎక్కువ కాబట్టి పక్కన కాల్చని సున్నపురాయి పొడి వేస్తే దాంతోనూ కలిసి కార్బోఅల్యూమినేట్లు పుట్టి రంధ్రాలు పూడుస్తాయి. ఎల్‌సీ3 అంటారు దీన్ని. 50 శాతం క్లింకర్, 30 కాల్చిన మట్టి, 15 సున్నపురాయి, 5 జిప్సం. స్విట్జర్లాండ్‌లో ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీలో కారెన్ స్క్రివెనర్, క్యూబాలో మార్టిరెనా బృందాలు కలిసి పెంచాయి, 2013లో క్యూబాలో మొదటిసారి ఫ్యాక్టరీలో చేసి చూశారు. శుద్ధమైన తెల్ల మట్టి అక్కర్లేదు, కేయొలినైట్ 40 శాతం ఉన్నా ఏడో రోజుకి మామూలు సిమెంటు బలం అందుకుంటుంది. పొగ 30 నుంచి 40 శాతం తక్కువ.

ఇటుకమీదఇటుక
లోపాలు చెప్పమ్మా. అమ్మేవాళ్లు చెప్పరు, చదువుకున్నదానివి నువ్వైనా చెప్పు.

సూక్ష్మదర్శిని22
చెప్తాను. కాల్చిన మట్టి రేణువులు పలకల్లా ఉంటాయి, నీళ్లు ఎక్కువ అడుగుతుంది, ప్లాస్టిసైజర్, అంటే ముద్దని జారేలా చేసే మందు, లేకపోతే ముద్ద కదలదు. మొదటి రోజు బలం తక్కువ. మట్టిలో ఇనుము ఉంటే ఎర్రగా వస్తుంది, చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ తగలకుండా చూస్తే బూడిద రంగులో వస్తుంది. ఇంకోటి, కార్బనేషన్ త్వరగా పాకుతుంది.

గట్టిపిండం
కార్బనేషన్ అంటే కాంక్రీటు గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని మళ్లీ పీల్చుకోవడమే కదా. మంచిదే కదా అది! వదిలింది తిరిగి తీసుకుంటోంది.

పాతబట్టీ
భూమికి మంచిది, లోపలి చువ్వకి కాదు. కాంక్రీటులో పీహెచ్ 12.5 నుంచి 13.5 ఉంటుంది, అంత క్షారంలో ఇనుము మీద సన్నటి పొర ఏర్పడి తుప్పు రాదు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పాకి ఆ సున్నాన్ని మళ్లీ సున్నపురాయి చేసేస్తే పీహెచ్ 9 కిందికి పడుతుంది, పొర పోతుంది, తడి కూడా ఉంటే తుప్పు మొదలు. పడి ఉన్న సున్నం అని ఆ అమ్మాయి తీసిపారేసిందే, అదే ఇక్కడ కాపలా. బూడిదా మట్టీ దాన్ని తినేస్తే కాపలా పలచబడుతుంది.

సూక్ష్మదర్శిని22
పాతబట్టీ గారు, సగమే చెప్పారు. సముద్రపు ఉప్పు దగ్గర లెక్క తిరగబడుతుంది. కలిపిన సిమెంట్లలో రంధ్రాలు సన్నగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటాయి, క్లోరైడ్ చాలా నిదానంగా పాకుతుంది. తీరంలో కట్టేవాటికి ఎల్‌సీ3 గానీ చిట్టెం గానీ మామూలు సిమెంటు కంటే నయం. ఇంటి లోపల పొడిగా ఉండే గోడలో కార్బనేషన్ జరిగినా తడి లేక తుప్పు పెద్దగా రాదు. కాబట్టి "త్వరగా కార్బనేట్ అవుతుంది" అనగానే పనికిరాదు అనకూడదు, ఎక్కడ పెడుతున్నాం అని అడగాలి.

పాతబట్టీ
సరే, ఆ మాట ఒప్పుకుంటా. చువ్వ మీద కాంక్రీటు కవర్ మందం సరిగ్గా పెడితే.

రోమన్‌గోడ
ఇన్ని తంటాలెందుకు? రోమన్లు సున్నం, అగ్నిపర్వత బూడిదతో రోమ్‌లో కట్టిన పాంథియన్ గుడి గుమ్మటం దాదాపు 1900 ఏళ్లుగా నిలబడి ఉంది, 43 మీటర్ల వెడల్పు. మనవి యాభై ఏళ్లకే రాలిపోతున్నాయి.

నీళ్లెక్కువరా
వాళ్లు లోపల చువ్వలు పెట్టలేదు, అందుకే తుప్పు పట్టలేదు. పడిపోయిన రోమన్ గోడలు వచ్చి ఫోరంలో రాయవు కూడా.

రోమన్‌గోడ
నేను రాస్తున్నాగా.

గట్టిపిండం
ఒక చిన్న ప్రశ్న. అలైట్ ఎక్కువ సున్నం అడుగుతుంది అన్నారు. మరి బిలైట్ సిమెంటు చేస్తే మిగులు సున్నమూ తక్కువ, పొగా తక్కువ కదా? బూడిద ఎందుకు?

పాతబట్టీ
అందరూ ఇక్కడే బోల్తా పడతారు. కిలో అలైట్‌కి రాయిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 0.578 కిలోలు. బిలైట్‌కి 0.511. అంతా కలిపి పన్నెండు శాతం కూడా తగ్గలేదు. దానికోసం వారాల తరబడి బలం రాకుండా కూర్చోవాలి. డ్యాముల్లాంటి చోట వేడి తక్కువని వాడతారు, అది వేరే లెక్క. నిజంగా తేడా కావాలంటే యీలిమైట్ అనే పదార్థం ఉన్న కాల్షియం సల్ఫోఅల్యూమినేట్ సిమెంటు, యీలిమైట్‌కి 0.216 మాత్రమే, బట్టీ వేడీ 1250 చాలు, మొదటి రోజే గట్టిగా వస్తుంది. చైనాలో 1970ల నుంచి చేస్తున్నారు. కానీ అల్యూమినా కోసం బాక్సైట్ కావాలి, అది అల్యూమినియం వాళ్లతో పోటీ. రిపేరు పనులకి బంగారం, అంతకు మించి విస్తరించదు.

క్యూబ్‌కష్టాలు
అందరికీ దండాలు, 28వ రోజు ఫలితం వచ్చింది. 22.5. అందుకోలేదు. ఇప్పుడేం చెప్పను పైవాళ్లకి?

ఇటుకమీదఇటుక
నేను చెప్పానా లేదా.

సూక్ష్మదర్శిని22
ఆగండి. 22.5 మరీ తక్కువ. క్యూబులు ఎలా ఉంచారు? నీళ్ల తొట్టిలోనేనా?

క్యూబ్‌కష్టాలు
తొట్టి కారుతోంది... అందుకని షెడ్డులో బల్ల మీద పెట్టి రోజూ ఒకసారి నీళ్లు చల్లించాం. పాత సిమెంటప్పుడు కూడా అలాగే చేశాం, దానికేం కాలేదు.

సూక్ష్మదర్శిని22
దొరికింది దొంగ. పాత సిమెంటు మొదటి వారంలోనే చాలావరకు పని పూర్తి చేసుకుంటుంది, తర్వాత ఎండినా దానికి అంత దెబ్బ తగలదు. బూడిద పని మొదలయ్యేదే ఆ తర్వాత, అప్పటికి నీళ్లే లేవు. రంధ్రాల్లో తేమ 80 శాతం కిందికి పడితే చర్య దాదాపు ఆగిపోతుంది. గోళీలు నున్నగా అలాగే ఉండిపోయి ఉంటాయి, ముక్క పంపితే ఫొటో తీసి చూపిస్తాను.

నీళ్లెక్కువరా
చరిత్రలో మొదటిసారి నా పేరు తప్పయింది. ఇది నీళ్లు తక్కువైన కేసు.

పాతబట్టీ
రెండూ వేరు నాయనా. కలిపేటప్పుడు ఎక్కువైన నీళ్లు రంధ్రాలు చేస్తాయి, గట్టిపడ్డాక పోసిన నీళ్లు రంధ్రాలు పూడుస్తాయి. పవర్స్ అనే ఆయన 1940లలోనే లెక్క కట్టాడు, బయట నుంచి నీళ్లు రాకపోతే సిమెంటు మొత్తం కలవడానికి నిష్పత్తి 0.42 దగ్గర కావాలి. అంతకు మించి పోసినదంతా లోపల ఖాళీలే.

ఇటుకమీదఇటుక
అయితే క్యూబు సరే. స్లాబు సంగతి? స్లాబుకి కూడా వారమే నీళ్లు కొట్టి ఉంటారు.

సూక్ష్మదర్శిని22
బూడిద సిమెంటుకి కనీసం రెండు వారాలు తడిగా ఉంచాలి. ఇప్పుడైనా గోనెలు కప్పి తడపండి, కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు. స్లాబులోంచి కోర్, అంటే గుండ్రటి ముక్క, తీసి పరీక్షించమని చెప్పండి, ఊహల మీద నడవొద్దు.

క్యూబ్‌కష్టాలు
రెండు నెలలు దాటింది, అప్‌డేట్ రాయకపోతే తిడతారని రాస్తున్నా. రెండో విడత క్యూబులు వేరే ల్యాబు తొట్టిలో ఉంచాం. అదే బస్తా, అదే మిక్స్. ఏడో రోజు 17, 28కి 29, 56వ రోజు 35. మొదటి విడతలో మిగిలిన రెండు క్యూబులు 56వ రోజు 24 దగ్గరే ఆగాయి. స్లాబు కోర్లు 27 చుట్టూ వచ్చాయి, డిజైన్ వాళ్లు మళ్లీ లెక్క చూసుకుని సరే అన్నారు, కానీ సంతకం పెట్టేటప్పుడు నన్ను చూసిన చూపు మర్చిపోలేను.

ఇటుకమీదఇటుక
మొదటి పోస్టులో పారబొయ్యాల్సిన బూడిద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సెంట్రింగ్ నాలుగు రోజుల నష్టం మాత్రం వెనక్కి తీసుకోను. అది సరే, మీ సైట్లో ఆ తొట్టి కారడం ఆపించారా?

క్యూబ్‌కష్టాలు
లేదు. ఫైలు నడుస్తోంది.